ట్రాక్ రికార్డ్ చేయించే ముందు

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. డిసెంబరు కచేరీల సీజన్ అయ్యాక క్షేత్రయ్య పదాలతో నీ సొంత కొరియోగ్రఫీ చేస్తున్నావట, మైలాపూరులో హాలు కూడా మాట్లాడేశావట. సంతోషం పట్టలేక పక్కింటి మామికి చెప్పొచ్చాను. పాటంతా ముందే రికార్డ్ చేయించి ట్రాక్ మీద ఆడతావని తర్వాత తెలిసింది. ఇక రాత్రి నిద్ర పడితే ఒట్టు.

ఖర్చు సంగతి నాకూ తెలుసు. హాలు, లైట్లు, మేకప్ అన్నీ ముందే రాసుకో, అడ్వాన్సులకు రసీదు తీసుకో. వేళచ్చేరి ఫ్లాట్‌లో టైల్స్ మీద అడుగులు కొట్టడం మాత్రం ఇవాళే మానెయ్. నేను మెట్లు ఎలా దిగుతానో చూస్తూనే ఉన్నావుగా.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. టి.నగర్‌లో ఒక సభలో, మొదటిసారి నేనే కూర్చిన పదం. మిశ్రచాపు, అదే ఏడు అక్షరాల తాళం. మువ్వగోపాలుడి కోసం నాయిక గుమ్మంలో ఎదురుచూస్తుంటుంది. నోట్‌బుక్‌లో గళ్లు గీసి, పల్లవి ఆరుసార్లు, ఒక్కోసారికి ఒక్కో సంచారి, అంటే అదే మాటకి ఒక్కో కొత్త అభినయం, అని రాసుకున్నా. దీపం వత్తి ఎగదోయడం, పక్క సర్దడం, పూలు వాడాయేమో చూసుకోవడం... ఆరోసారికి అడుగుల చప్పుడు విని తలుపు తీయడం. "ఆరుసార్లేనండీ" అని పాడే ఆవిడకి రెండుసార్లు చెప్పాను కూడా.

ఆ రోజు ఆవిడ గొంతు ఎంత బాగా పలికిందో! రాలేదు అనే మాట దగ్గరకొచ్చి, దాన్ని వదల్లేక, మళ్లీ మళ్లీ అక్కడే తిరుగుతోంది. నా ధ్యాసంతా లెక్క మీద. ఆవిడ ఇంకా రాలేదని కుమిలిపోతుంటే నేను తలుపు తీసి, నవ్వుతూ, వాడి కాళ్లు కడిగి లోపలికి తీసుకొచ్చేశాను. ముందు వరసలో ఒక పిల్ల కిసుక్కుమంది. తాళం తప్పానా అంటే అదీ లేదు. తకిట తకధిమి, ఏడుకి ఏడూ సరిగ్గా పడ్డాయి.

మృదంగం వాయించిన పెద్దాయన అప్పుడేమీ అనలేదు. మర్నాడు వాళ్లింటికి వెళ్తే వాయించే తాళాలు చేతికిచ్చి కూర్చోమన్నారు. మూడు నెలలు గజ్జె కట్టనివ్వలేదు. పాడేవాళ్లు గుక్క ఎక్కడ తిప్పుకుంటున్నారో చూస్తూ ఉండమన్నారు. ఎంత రోషం వచ్చిందో! బస్సులో ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. రెండో నెలకి, ఆవిడ ఊపిరి తీసుకుంటే నా మెడ దానంతటదే కదిలింది.

వెంపటి చినసత్యం మాస్టారు 1963లో ఇక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయనంతటి వారి నృత్యనాటకాలకే బాణీలు కట్టడానికి పట్రాయని సంగీతరావుగారు ఉండేవారు. నువ్వేమో ఒక్కదానివే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అన్నీ తేల్చేస్తానంటున్నావు. మొండిఘటానివి. నా పోలికే, ఏం చేస్తాం.

మిగతావి ట్రాక్ మీదే కానీయ్. ఒక్క పదానికైనా పాడే మనిషినీ, మృదంగాన్నీ కూర్చోబెట్టు. రిహార్సల్స్‌తో సహా ఆ డబ్బు నేనిస్తా, మీ పెదనాన్నకి చెప్పకు.

ఆదివారం భోజనానికి రా. గజ్జెలు తేకు. నా పాత తాళాలు బీరువాలోంచి తీసి తుడిచి పెట్టాను, ఒకదానికి తాడు తెగింది. వచ్చేటప్పుడు గట్టి తాడు ఒకటి పట్టుకురా.

పెద్దమ్మ