కాలిఫోర్నియాలో స్పీడింగ్ టికెట్: కట్టేయాలా, కోర్టుకు వెళ్లాలా?

మీరు అడిగింది ఇదీ: గంటకు 35 మైళ్ల లిమిట్ ఉన్న సిటీ రోడ్డు మీద 49లో వెళ్తున్నారని రాడార్‌తో పట్టుకుని టికెట్ ఇచ్చారు. ఇదే మొదటి టికెట్. హెచ్-1బి మీద ఉన్నారు. డబ్బు కట్టేసి వదిలించుకోవాలా, కోర్టుకు వెళ్లాలా, వీసాకు ఏమైనా ఇబ్బందా?

నాకూ కాలిఫోర్నియాలోనే దాదాపు ఇలాంటి టికెట్ పడింది. కోర్టుకు వెళ్లాను, డిస్మిస్ అయింది. నేను లాయర్ని కాదు, కాబట్టి కింద రాసేది ఆ అనుభవంతో, అప్పుడు కూర్చుని చదివిన వెహికల్ కోడ్‌తో చెప్తున్నది.

ముందు టికెట్ తీసి సెక్షన్ నంబరు చూడండి. వేగం ఎంత రాశారన్నదానికంటే ఇదే ముఖ్యం. 22349 అని ఉంటే అది గరిష్ఠ వేగం సెక్షన్. ఫ్రీవేల మీద 65 దాటితే సాధారణంగా ఇదే రాస్తారు. అక్కడ ‘అందరూ అంతే స్పీడులో వెళ్తున్నారు’ అన్న మాట పనికిరాదు, 65 దాటారా లేదా అన్నదొక్కటే ప్రశ్న. 22350 అని ఉంటే కథ వేరు. దాన్ని బేసిక్ స్పీడ్ లా అంటారు. ఆ రోడ్డు మీద, ఆ సమయానికి, ఆ వాతావరణానికి, ఆ ట్రాఫిక్‌కి మీ వేగం సురక్షితమా కాదా అన్నది అక్కడ చూస్తారు. బోర్డు మీద 35 ఉన్నంత మాత్రాన 36లో వెళ్లినవాడు తప్పనిసరిగా దోషి అని చట్టం అనదు. లిమిట్ దాటినా సురక్షితంగానే నడిపానని చూపించుకునే అవకాశం మీకు ఉంటుంది. సిటీ రోడ్డు, 35 లిమిట్ అంటున్నారు కాబట్టి మీది 22350 అయ్యే అవకాశమే ఎక్కువ. నాదీ అదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కాలిఫోర్నియా చట్టంలో ‘స్పీడ్ ట్రాప్’ అని ఒకటి ఉంది, సెక్షన్ 40802. కాప్ చెట్టు చాటున బైక్ ఆపుకుని కూర్చోవడమే స్పీడ్ ట్రాప్ అని మనవాళ్లు అనుకుంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఒక రోడ్డు మీద లిమిట్ ఎందుకు అంత పెట్టారో చూపించే ఇంజినీరింగ్ అండ్ ట్రాఫిక్ సర్వే ఉండాలి. ఆ సర్వే లేకుండా, లేదా గడువు తీరిపోయిన సర్వేతో, రాడార్ పెట్టి టికెట్లు రాస్తే అది స్పీడ్ ట్రాప్. అలా వచ్చిన సాక్ష్యం కోర్టులో చెల్లదు. సర్వే మామూలుగా 5 ఏళ్లు పనికొస్తుంది. ఆఫీసర్‌కు రాడార్ శిక్షణ ఉండి, రాడార్‌కు 3 ఏళ్లలోపు కాలిబ్రేషన్ (సరిగ్గా చూపిస్తోందా అన్న పరీక్ష) జరిగి ఉంటే 7 ఏళ్ల వరకు చెల్లుతుంది. ఆ తర్వాత కూడా, రోడ్డులో పెద్ద మార్పులేమీ లేవని రిజిస్టర్డ్ ఇంజినీరు తేల్చి ఉంటే ఇంకొన్నేళ్లు వాడుకోవచ్చు. ఇళ్ల మధ్య చిన్న వీధులకు, స్కూల్ జోన్లకు ఈ సర్వే నిబంధన వర్తించదు. కాబట్టి మీ రోడ్డు ఏ రకమో కూడా చూసుకోండి.

ఈ సర్వే పబ్లిక్ రికార్డు. నేను సిటీలో ట్రాఫిక్ ఇంజినీరింగ్ చూసేవాళ్లకు ఈమెయిల్ పెట్టాను: ఫలానా రోడ్డు, ఫలానా క్రాస్ స్ట్రీట్ నుంచి ఫలానా దాకా, అమల్లో ఉన్న స్పీడ్ సర్వే కాపీ కావాలని. వాళ్లు మర్యాదగా పీడీఎఫ్ పంపారు. అందులో ముందు రెండు విషయాలు చూడాలి. ఒకటి తేదీ. రెండోది 85 పర్సంటైల్ స్పీడు, అంటే నూటికి 85 మంది ఏ వేగంలోపు నడుపుతున్నారన్న అంకె. లిమిట్ నిర్ణయించేటప్పుడు ఆ అంకెకు దగ్గరగా ఉన్న 5 గుణిజంతో (35, 40, 45 లాంటిది) మొదలుపెడతారు, కారణం చూపించి ఇంకాస్త తగ్గించవచ్చు. అంకె 44 ఉండి బోర్డు మీద 35 ఉంటే, ఆ తగ్గింపుకు సర్వేలో ఏం కారణం రాశారో వెతకండి. నా సర్వేలో ఆ లెక్క బాగానే ఉంది. తేదీ మాత్రం టికెట్ నాటికి 7 ఏళ్లు దాటిపోయింది, పొడిగిస్తూ ఇంజినీరు ఇచ్చిన కాగితం ఏదీ జతగా లేదు. అది చూశాకే కోర్టుకు వెళ్లాలని గట్టిగా నిర్ణయించుకున్నాను. సర్వే కొత్తదై ఉంటే బహుశా ట్రాఫిక్ స్కూల్‌తో (టికెట్ పడ్డవాళ్లు చేసే డ్రైవింగ్ క్లాసు) సరిపెట్టుకునేవాణ్ణి.

దారులు మూడు. ఫైన్ కట్టేయడం, ట్రాఫిక్ స్కూల్, పోరాటం. ఊరికే కట్టేశారంటే నేరం ఒప్పుకున్నట్టే లెక్క, డీఎంవీ (లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖ) రికార్డులో మీ పేరు మీద ఒక పాయింటు పడుతుంది, మూడేళ్లకు పైనే ఉంటుంది. లిమిట్ కంటే 15 మైళ్ల లోపు ఎక్కువైతే బేస్ ఫైన్ 35 డాలర్లే, కానీ దాని మీద రాష్ట్రం, కౌంటీ వేసే సర్‌ఛార్జీలు కలిసేసరికి 200 దాటుతుంది. అసలు దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర. ఒక్క పాయింటుతో కాలిఫోర్నియా ‘గుడ్ డ్రైవర్’ డిస్కౌంట్ పోదు, రెండోది పడితే పోతుంది. అయితే డిస్కౌంట్ ఉన్నా ప్రీమియం పెరగవచ్చు.

ట్రాఫిక్ స్కూల్ తీసుకుంటే ఫైన్ మొత్తం కట్టాలి, పైన కోర్టు ఫీజు, స్కూల్ ఫీజు. బదులుగా ఆ పాయింటు ఇన్సూరెన్స్ వాళ్లకు కనబడదు. 18 నెలలకు ఒక్కసారే వాడుకోగలరు. లిమిట్ కంటే 25 మైళ్ల పైన వెళ్లారని రాస్తే కోర్టు క్లర్క్ దగ్గర దొరకదు, జడ్జిని అడగాలి. మీది 14 మైళ్లే కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

‘కోర్టుకు వెళ్లి ఓడిపోతే ట్రాఫిక్ స్కూల్ కూడా పోతుంది’ అని నన్ను చాలామంది భయపెట్టారు. పూర్తిగా నిజం కాదు. విచారణ తర్వాత ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టమే, కానీ నాట్ గిల్టీ అన్నారన్న ఒక్క కారణంతో ఆ అభ్యర్థనను పక్కన పెట్టకూడదని కోర్టు రూల్స్‌లోనే ఉంది. నోరు తెరిచి అడగడం మాత్రం మన పని.

పోరాడాలనుకుంటే కాలిఫోర్నియాలో ఒక మంచి సదుపాయం ఉంది, ట్రయల్ బై రిటెన్ డిక్లరేషన్. టీఆర్-205 ఫారం నింపి, మీ వాదన కాగితం మీద రాసి, ఫైన్ మొత్తం ముందే డిపాజిట్ చేసి పంపాలి. గెలిస్తే తిరిగి ఇస్తారు. ఆఫీసర్ కూడా తన వైపు రాసి పంపాలి. అతను పంపకపోతే చాలాసార్లు మీదే గెలుపు. ఓడిపోయినా, తీర్పు పోస్ట్ చేసిన తేదీ నుంచి 20 రోజుల్లోపు టీఆర్-220 వేస్తే మొత్తం మొదటి నుంచి కోర్టులో మళ్లీ విచారణ జరుగుతుంది, పాత తీర్పును లెక్కలోకి తీసుకోరు. నేను ముందు రాతపూర్వకంగా పంపాను. సర్వే తేదీ గురించి చక్కగా రాశాననే అనుకున్నాను. జవాబుగా ‘గిల్టీ’ అని ఒక కాగితం వచ్చింది, కారణం ఒక్క ముక్క లేదు. చిరాకేసింది. టీఆర్-220 వేశాను.

ఈ లోపు పోలీసు విభాగానికి, డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వం తరఫున కేసులు నడిపే లాయర్) ఆఫీసుకు ఒక ఉత్తరం రాయండి: ఆఫీసర్ నోట్స్, రాడార్ కాలిబ్రేషన్ రికార్డు, శిక్షణ సర్టిఫికెట్, తాము వాడబోయే సర్వే కాపీ ఇవ్వమని. పంపినట్టు రుజువు దాచుకోండి. నాకు ఆఫీసర్ నోట్స్ వచ్చాయి, మిగతావి రాలేదు. టికెట్‌లో తన కాపీ వెనక ఆయన రాసుకున్న నాలుగు లైన్లవి. రోడ్డు మీద మీరు కాప్‌తో ఏమన్నారో కూడా అందులో ఉంటుంది. ‘ఎంత స్పీడులో వెళ్తున్నారో తెలుసా’ అన్న ప్రశ్నకు మీరు ‘45 అనుకుంటా’ అని చెప్పి ఉంటే అది కోర్టులో చదువుతారు.

విచారణ రోజు గురించి టెన్షన్ పడకండి. సినిమాల్లోలా జ్యూరీ, ప్రాసిక్యూటర్ ఉండరు. జడ్జి స్థానంలో సాధారణంగా కమిషనర్ (పోలీసు కాదు, జడ్జి పని చేసే కోర్టు అధికారి) కూర్చుంటారు, ఎదురుగా ఆఫీసర్, మీరు. ఇది ఇన్‌ఫ్రాక్షన్ (జైలు లేని చిన్న ఉల్లంఘన) కాబట్టి ప్రభుత్వం తరఫున ఉచిత లాయర్ రారు. అయినా సందేహానికి తావు లేకుండా నేరం రుజువు చేయాల్సిన బాధ్యత వాళ్లదే. ఇంగ్లిష్ ఇబ్బంది అయితే ఇంటర్‌ప్రెటర్ కావాలని కోర్టుకు ముందే చెప్పండి, ఆ రోజు పొద్దున అడిగితే తెలుగు మనిషి దొరకడం కష్టం. ఇది ముఖ్యంగా ఇక్కడికొచ్చి కారు నడిపే అమ్మానాన్నల కోసం చెప్తున్నా.

ఆఫీసర్ రాడు, కేసు దానంతటదే పోతుందని అందరూ చెప్తారు. అలా జరిగేవి ఉన్నాయి, ఆ రోజు నా ముందే కొందరివి అలా పోయాయి. నా ఆఫీసర్ మాత్రం ఫైలుతో సహా ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాడు. ఆశ పెట్టుకోండి గానీ, దాని మీదే ఆధారపడి ఖాళీ చేతులతో వెళ్లకండి.

మొదట ఆయన చెప్పాడు: ఎక్కడ నిలబడ్డాడు, కంటితో ఎంత అంచనా వేశాడు, రాడార్ ఎంత చూపించింది, షిఫ్టుకు ముందూ తర్వాతా దాన్ని ఎలా పరీక్షించాడు. తర్వాత నా వంతు. వాదన మొదలుపెట్టకుండా ప్రశ్నలే అడిగాను. రాడార్ వాడారు కదా? ఈ రోడ్డుకు సర్వే తెచ్చారా? తేదీ ఎంత? పొడిగింపు కాగితం ఏదైనా ఉందా? ఆయన సర్వే తెచ్చాడు, సిటీ నాకు పంపినదే. పొడిగింపు కాగితం లేదు. అప్పుడు కమిషనర్‌తో 40802 ప్రకారం ఈ సర్వే గడువు దాటిందని, ఇది స్పీడ్ ట్రాప్ కాదని చూపించాల్సింది వాళ్లేనని, కాబట్టి రాడార్ సాక్ష్యాన్ని తీసుకోవద్దని కోరాను. ఆవిడ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసి డిస్మిస్ చేశారు. నా వేగం గురించి నేను ఒక్క మాట కూడా చెప్పాల్సిన అవసరం రాలేదు. డిపాజిట్ తర్వాత చెక్కు రూపంలో ఇంటికి వచ్చింది.

అక్కడ నా కంటే ముందు మాట్లాడినవాళ్లను గమనిస్తే, ఎక్కువమంది తమ నోటితోనే ఓడిపోయారు. ‘నేను 49 కాదు సార్, 43లోనే ఉన్నాను’ అంటే లిమిట్ దాటినట్టు మీరే ఒప్పుకున్నారు. ‘ఆఫీసుకు లేటవుతోంది’, ‘బోర్డు చూసుకోలేదు’ లాంటివి సానుభూతి కూడా తేవు. కారు రంగు తప్పు రాశాడు, పేరులో అక్షరం తప్పు అన్న వాదనలూ నిలబడవు, అలాంటివి సరిదిద్దుకోనిస్తారు. సర్వే దారి మూసుకుపోతే మీకు మిగిలేది బేసిక్ స్పీడ్ లా వాదన. పొడి రోడ్డు, పగటి వెలుతురు, నడిచేవాళ్లు లేరు, ట్రాఫిక్‌తో పాటే వెళ్తున్నాను అని ఫొటోలతో చూపించాలి. కష్టమే కానీ అసాధ్యం కాదు.

ఇది చదివే వేరే రాష్ట్రాల వాళ్లకు ఒక మాట. పై లెక్కలన్నీ కాలిఫోర్నియావి. వర్జీనియాలో లిమిట్ కంటే 20 మైళ్లు ఎక్కువైనా, లిమిట్ ఎంతున్నా 85 దాటినా రెక్‌లెస్ డ్రైవింగ్ అవుతుంది. అది ట్రాఫిక్ టికెట్ కాదు, క్లాస్ 1 మిస్‌డిమీనర్, ఏడాది దాకా జైలుకు అవకాశం ఉన్న నేరం. అక్కడ లాయర్ లేకుండా అడుగు వేయకండి. న్యూజెర్సీలో చాలామంది పాయింట్లు లేని ‘అన్‌సేఫ్ డ్రైవింగ్’ కిందకు మార్పించుకుంటారు. టెక్సస్‌లో లిమిట్ కంటే 25 మైళ్ల లోపు అయితే డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సుతో డిస్మిస్ చేయించుకునే దారి ఉంది.

ఇక మీ వీసా ప్రశ్న. మామూలు స్పీడింగ్ టికెట్ కాలిఫోర్నియాలో ఇన్‌ఫ్రాక్షన్, క్రిమినల్ రికార్డు లాంటిది కాదు, దాని వల్ల హెచ్-1బి ఆగిపోదు. ప్రమాదం అంతా దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తేనే. కోర్టుకు హాజరవుతానని సంతకం పెట్టి రాకపోవడం వేరే నేరం, అది మిస్‌డిమీనర్‌గా పెట్టవచ్చు. కోర్టు నోటీసు పాత అపార్ట్‌మెంట్‌కు వెళ్లి మీ చేతికి రాకపోయినా టికెట్ మీదున్న తేదీ తేదీయే. అందుకని నోటీసు కోసం ఎదురుచూడకుండా కోర్టు వెబ్‌సైట్‌లో టికెట్ నంబరు కొట్టి చూసుకోండి. ఫలితం ఏదైనా, కోర్టు ఇచ్చే తుది కాగితం స్కాన్ చేసి దాచండి. సిటిజన్‌షిప్‌కు వేసే ఎన్-400 ఫారంలో సైటేషన్ల (ఇలాంటి టికెట్ల) గురించి అడుగుతారు, ఏళ్ల తర్వాత ఆ కాగితం కోసం కౌంటీ క్లర్క్ చుట్టూ తిరగడం కంటే ఇప్పుడే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవడం తేలిక.