కన్నీళ్లు తప్ప మాటలు రాని ప్రార్థన

ప్రశ్న: మా వారి వ్యాపారం దెబ్బతిని, ఫైనాన్సు కంపెనీ అప్పు తలకు మించిపోయింది. మామగారు పక్షవాతంతో మంచం పట్టారు. రాత్రి మోకరిస్తే ఏడుపు తప్ప ఒక్క మాట కూడా రావడం లేదు. విశ్వాసం ఉన్నవాళ్లు ఇలా ఏడవరని సంఘంలో ఒక పెద్దావిడ అన్నారు. ఒక్కోసారి బతకడమే వద్దనిపిస్తోంది. నా ప్రార్థన దేవుడు వింటున్నాడా?

జవాబు: సహోదరీ, తప్పకుండా వింటున్నాడు. ఆ పెద్దావిడ మాటను మనసులో పెట్టుకోకండి. బైబిలులో, బిడ్డలు లేని హన్నా షిలోహు మందిరంలో దుఃఖం పట్టలేక ఏడుస్తూ ప్రార్థిస్తున్నప్పుడు పెదవులు కదలడమే తప్ప స్వరం వినబడకపోవడంతో, యాజకుడైన ఏలీ అంతటివాడు ఆమె మత్తులో ఉందని పొరబడ్డాడు. ఆమె నొచ్చుకుని వెళ్లిపోలేదు. తన ఆత్మను దేవుని సన్నిధిలో కుమ్మరించుకుంటున్నానని నెమ్మదిగా చెప్పుకుంది. ఆ తరువాత వెళ్లి భోజనం చేసింది, ఆమె ముఖంలో దుఃఖం పోయింది. అప్పటికి ఆమె కోరిన బిడ్డ ఇంకా కడుపున పడలేదన్నది గమనించండి.

మాటలు రానప్పుడు మాటల కోసం వెదకనక్కరలేదు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు యెరూషలేముపై దండెత్తి బెదిరిస్తూ ఉత్తరం పంపితే, యూదా రాజు హిజ్కియా దానిని మందిరానికి తీసుకుపోయి దేవుని ఎదుట విప్పి పరిచాడు. మీరు కూడా ఈ రాత్రి ఫైనాన్సు కంపెనీ అప్పు నోటీసును దిండు కింద దాచకుండా ముందు పెట్టుకుని, అందులోని మొత్తాన్ని, గడువు తేదీని పైకి చదివి, "ప్రభువా, ఇది నా వల్ల కావడం లేదు" అనండి. ఆ ఒక్క వాక్యం చాలు.

అయితే హిజ్కియా ఒంటరిగా నలిగిపోలేదు. అంతకుముందే ప్రవక్త యెషయా దగ్గరకు మనుషులను పంపి, తన తరఫున ప్రార్థించమని కోరాడు. సాయం అడగడం అవిశ్వాసం కాదు. బతకడం వద్దనిపించిన క్షణంలో, అది అర్ధరాత్రి అయినా సరే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఆ మాట మీ వారికో, మీ అమ్మగారికో కూడా ఈ రోజే చెప్పండి. దీన్ని మాత్రం వాయిదా వేయవద్దు.

అప్పు విషయానికొస్తే, ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరువాత వసూలు కోసం ఫోన్లు చేసి వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది; 15100కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

మీ వారిని కూడా ప్రార్థనకు పిలవండి. రానంటే బలవంతం చేయకండి, ఆయనను నిందించేలా పైకి ప్రార్థించకండి. నష్టపోయిన మగవాడు సిగ్గుతో దూరంగా ఉండిపోవడం చాలా ఇళ్లలో చూస్తున్నదే. ఆయన పేరు చెప్పి, ఆయన కోసం అడగండి.