గీజర్ థర్మోస్టాట్ పోయింది, లోన్ తీసుకోమంటారా?

ప్రశ్న: మా గీజర్ కొని ఆరేళ్ళయింది. పది రోజుల కింద నీళ్ళు వేడెక్కడం మానేశాయి. మెకానిక్ వచ్చి చూసి థర్మోస్టాట్, అంటే నీళ్ళు చాలినంత వేడెక్కగానే కరెంటు ఆపే పార్ట్, పోయిందన్నాడు. కంపెనీ పార్ట్ ఖరీదు ఎక్కువట, బయట దొరికేది చవకే గానీ దానికి గ్యారంటీ లేదట. ఎలాగూ పాతదైంది కాబట్టి కొత్త గీజరే తీసుకోమంటున్నాడు. ప్రస్తుతానికి థర్మోస్టాట్ తీసేసి డైరెక్ట్ ఇచ్చి వెళ్ళాడు. మేమే గుర్తుపెట్టుకుని స్విచ్ ఆపుతున్నాం. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్తులమే. జీతాలు రెండూ కలిపి వంద అనుకుంటే ఇంటి లోన్‌కు 35, ఇన్సూరెన్స్ ప్రీమియంలకు 5, మ్యూచువల్ ఫండ్లకు 20 పోతాయి. మిగతా 40తో ఇల్లు గడుస్తుంది. నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండదు. మూడేళ్ళుగా వేస్తున్న ఫండ్లను కదపడం మావారికి ఇష్టం లేదు. ఒక లోన్ యాప్ అయిదు నిమిషాల్లో డబ్బు ఇస్తానంటోంది. కొత్త గీజర్ అయితే కార్డు మీద జీరో కాస్ట్ ఈఎంఐ ఉందట. నమ్మకమైన థర్మోస్టాట్‌ను ఎలా ఎంచుకోవాలి? డబ్బు ఎలా సర్దుకోవాలి? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు లేచి వెళ్ళి ఆ గీజర్ ఎంసీబీ, అంటే కరెంటు బోర్డులో దానికి కరెంటు ఆపే మీట, దించేయండి. ఈ జవాబు తర్వాత చదవొచ్చు.

డైరెక్ట్ ఇవ్వడం అంటే మధ్యలో ఆపేది ఏదీ లేకుండా కాయిల్‌కు నేరుగా కరెంటు కలపడం. అది ఎంత ప్రమాదమో లెక్క వేసి చూపిస్తాను. 15 లీటర్ల ట్యాంకు, 2 కిలోవాట్ల కాయిల్ అనుకుందాం. 25 డిగ్రీల నీళ్ళు 60 డిగ్రీలకు రావడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. స్విచ్ ఆపడం మరిచిపోతే 40 నిమిషాలకల్లా మరిగే వేడికి చేరతాయి. ఒక్క ఫోన్ కాల్ అంతసేపు సాగదా? మూసి ఉన్న ట్యాంకులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి వేడి వంద దగ్గర ఆగదు, పైకి పోతూనే ఉంటుంది. అప్పుడు ట్యాంకు ఎక్కడైనా చీలితే అందులో కొంత నీరు ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరైన నీటికి దాదాపు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. సేఫ్టీ వాల్వ్ ఉంది కదా అనుకోకండి. ఆరేళ్ళు ఉప్పు నీళ్ళు తాగిన వాల్వ్ బిగుసుకుపోయి ఉండొచ్చు. రెండు మూడు రోజులు పొయ్యి మీద నీళ్ళు కాచుకోండి, ఏమీ కాదు. మీ మెకానిక్ మంచివాడే కావచ్చు, మీ ఇబ్బంది చూసి చేసి ఉండొచ్చు. కానీ చేసింది తప్పు.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాయడానికి కారణం గీజర్ ఒక్కటే కాదు. ఇద్దరు సంపాదిస్తున్నారు, ప్రీమియంలు కడుతున్నారు, క్రమం తప్పకుండా ఫండ్లలో వేస్తున్నారు. కాగితం మీద చూస్తే అన్నీ సరిగ్గా ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో చేతిలో పట్టేంత పార్ట్ ఒకటి పాడైతే పది రోజులుగా కొనలేక ప్రమాదంతో కాపురం చేస్తున్నారు. నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో ఈ తప్పు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. పెట్టుబడి ఉంటుంది, ఎమర్జెన్సీ ఫండ్, అంటే అనుకోని ఖర్చుకు విడిగా ఉంచే డబ్బు, ఉండదు. ఒకరికి బైక్ ఇంజిన్, ఇంకొకరికి పన్ను నొప్పి, మీకు థర్మోస్టాట్. దాని వెనకే లోన్ యాప్ వచ్చి నిలబడుతుంది.

సరే, మొదట పార్ట్ సంగతి.

పోయింది నిజంగా థర్మోస్టాటేనా అని తేల్చుకోండి. చాలా గీజర్లలో థర్మోస్టాట్‌తో పాటు కటౌట్ ఒకటి ఉంటుంది. నీళ్ళు హద్దు మీరి వేడెక్కితే అది కరెంటు తెంచేస్తుంది. కొన్నింటిలో మళ్ళీ నొక్కడానికి చిన్న బటన్ ఉంటుంది. కటౌట్ పడిపోయినా, కాయిల్ కాలిపోయినా నీళ్ళు చల్లగానే వస్తాయి. మీ ఇంట్లో డైరెక్ట్ ఇచ్చాక నీళ్ళు వేడెక్కుతున్నాయి కాబట్టి కాయిల్ బాగానే ఉంది. తప్పు థర్మోస్టాట్‌లోనో కటౌట్‌లోనో ఉండాలి. మీటర్ పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. చూపించమని అడగండి, అడగడంలో తప్పు లేదు.

ఎంచుకునేటప్పుడు బ్రాండ్ పేరు కంటే ముందు మూడు సంగతులు చూడాలి. గీజర్ ఒంటి మీద స్టిక్కర్‌లో మోడల్ నంబర్, వాట్లు ఉంటాయి. వాట్లను వోల్టులతో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో వస్తుంది. 230 వోల్టుల మీద 2,000 వాట్లకు దాదాపు 8.7 ఆంపియర్లు, 3,000 వాట్లకు 13. థర్మోస్టాట్ దీనికంటే బాగా ఎక్కువ మోయగలగాలి. 16 ఆంపియర్లో 20 ఆంపియర్లో దాని మీద అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె లేని పార్ట్‌ను, భద్రతా ప్రమాణాల ముద్ర లేని పార్ట్‌ను ఎంత చవకైనా ముట్టుకోకండి. రెండోది రాడ్ పొడవు. పాత పార్ట్‌ను పక్కన పెట్టి కొలవాలి. పొట్టిదైతే నీటి వేడిని సరిగ్గా పట్టుకోదు, పొడవైతే లోపలికి పూర్తిగా దిగదు. మూడోది, గరిష్ఠ ఉష్ణోగ్రత పాతదానికి ఎంత ఉందో అంతే ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉన్నది వద్దు.

కంపెనీ పార్ట్ అయితే ఈ మూడూ మీరు చూడక్కర్లేదు, మోడల్ నంబర్ చెబితే సరిపోతుంది. నా సలహా అదే. కాస్త ఎక్కువైనా కంపెనీదే, బిల్లుతో తీసుకోండి. కటౌట్ విడిగా ఉంటే అదీ కలిపి మార్పించండి. యాప్‌తో నడిచే కంట్రోలర్లు పెట్టమని ఎవరైనా చెబితే వద్దనండి. తడి, వేడి కలిసే చోట సర్క్యూట్ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

పోయిన చలికాలం మా ఇంట్లోనూ ఇదే జరిగింది. కటౌట్ ఊరికే పడిపోతోందని పిలిపిస్తే, మెకానిక్ థర్మోస్టాట్ తీసి నా చేతిలో పెట్టాడు. లోపలి రెండు కాంటాక్టులు నల్లగా మాడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కరెంటు తెంచాల్సిన చోట తెగడం లేదు. కాయిల్ మీద సున్నం పూత వేసినట్టు తెల్లగా, వేలి గోరంత మందాన ఉప్పు. ఉప్పు అలా కప్పేస్తే నీళ్ళ అసలు వేడి థర్మోస్టాట్‌కు సరిగ్గా అందదు. అందుకే పార్ట్ మార్చే రోజునే ట్యాంకు కడిగించి, కాయిల్ మీది ఉప్పు తీయించండి. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. ఆ రోజు మా పని గంటలో అయిపోయింది. ఇంటి రిపేర్లకని విడిగా ఒక ఖాతా ఉంచుకుంటాం, అందులోంచి తీసి ఇచ్చాం. ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.

కొత్త గీజర్ మాట. ట్యాంకు కారుతుంటే కొత్తది కొనాల్సిందే, దానికి అతుకులు నిలవవు. కారడం లేదంటే ఆరేళ్ళ గీజర్‌ను థర్మోస్టాట్ కోసం పారేయడం అన్యాయం.

ఇప్పుడు అప్పు సంగతి. ఇక్కడ నాకు ఓపిక తక్కువ, ఏమీ అనుకోకండి.

లోన్ యాప్ వంద ఇస్తానంటుంది. ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ముందే పది కోసుకుని తొంభై చేతిలో పెట్టి, 30 రోజుల్లో వంద కట్టమంటుంది అనుకుందాం. తొంభైకి నెలకు పది వడ్డీ. అంటే నూటికి పదకొండు పైనే, ఏడాదికి 133 శాతం. నూటికి మూడు వడ్డీ అంటేనే పెద్దవాళ్ళు గుండెలు బాదుకునేవారు. ఇది నూటికి పదకొండు! పైగా మీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి పర్మిషన్ అడిగే యాప్‌లూ ఉన్నాయి. కట్టడం ఒక్కరోజు ఆలస్యమైతే మీ ఆఫీసువాళ్ళకు ఫోన్లు పోయిన కేసులు నేను చూశాను. ఆ యాప్‌ను ఇవాళే తీసేయండి.

జీరో కాస్ట్ ఈఎంఐ కూడా ఉచితం కాదు. చాలాసార్లు మొత్తం ఒకేసారి కట్టేవారికి వచ్చే డిస్కౌంట్ మీకు రాదు. ఆ వదులుకున్నదే వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు అదనం. పోనీ అది చిన్న మొత్తమే అనుకున్నా, ఆ నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే? నెలకు మూడున్నర శాతం వేసే కార్డు మీద వంద బాకీ ఉండి, మినిమమ్ డ్యూ అని అయిదు కట్టారనుకోండి. అందులో మూడున్నర వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది ఒకటిన్నర. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలని ఇంట్లో ఈ బాకీ ఎప్పటికి తీరాలి? మీకు కావాల్సింది ఒక పార్ట్. దాని కోసం ఏడాది పాటు కట్టే కొత్త వాయిదా ఎందుకు?

మరి డబ్బు ఎక్కడిది? మీ ఫండ్లలో ఉంది. మూడేళ్ళుగా జీతాల్లో అయిదో వంతు అందులో వేస్తున్నారు. థర్మోస్టాట్‌కు, మెకానిక్ కూలికి కావాల్సినంత అందులోంచి తీయండి. డబ్బు ఖాతాలో పడటానికి కొన్ని రోజులు పడుతుంది, అందాకా ఎంసీబీ దించే ఉంచండి. లేదా ఈ నెల ఫండ్ల వాయిదా ఒక్కటి ఆపి ఆ డబ్బు వాడండి. ఆపేది ముందుగానే ఆపండి, ఖాతాలో డబ్బు లేక డెబిట్ ఫెయిలైతే బ్యాంకు చార్జీ వేస్తుంది. మీవారి బెంగ నాకు అర్థమవుతుంది. పెరుగుతున్న చెట్టును కొమ్మ కొట్టినట్టు ఉంటుంది. కానీ 133 శాతానికి అప్పు తెచ్చి, పన్నెండు శాతం వస్తుందన్న ఆశతో ఫండ్‌ను కాపాడుకోవడం ఏ లెక్కకూ నిలవదు. ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మీ ఇద్దరి జీతాలు ఆగిపోయినా తప్పని ఖర్చు ఎంత? ఇంటి లోన్ 35, ప్రీమియంలు 5, ఇంటి ఖర్చు 40. మొత్తం 80. ఎమర్జెన్సీ ఫండ్‌లో ఆరు నెలల ఖర్చు ఉండాలంటే 480, అంటే దాదాపు అయిదు నెలల జీతాలు. చాలా పెద్ద అంకెలా కనిపిస్తుందని తెలుసు. అందుకే మొదట ఒక్క నెల ఖర్చు కూడబెట్టండి. ఫండ్లకు వెళ్ళే 20ని పూర్తిగా మళ్ళిస్తే సరిగ్గా నాలుగు నెలల్లో 80 అవుతుంది. ఆ తర్వాత ఫండ్లకు 5 మాత్రం వేస్తూ 15 ఇటు వేయండి. మిగతా 400కు ఇంకో 27 నెలలు. మొత్తం రెండున్నరేళ్ళ పైచిలుకు. మధ్యలో బోనస్ వస్తే ఇంకా ముందే అయిపోతుంది. రెండున్నరేళ్ళు ఫండ్లు తగ్గించమంటున్నానని కోపం రావచ్చు. ఎమర్జెన్సీ ఫండ్ లేని పెట్టుబడిని మార్కెట్ బాగా పడిపోయిన నెలలోనే అమ్ముకోవాల్సి వస్తుంది. నా దగ్గరికి వచ్చిన చాలామంది అలాగే అమ్ముకున్నారు.

ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉంచకండి, కరిగిపోతుంది. వేరే బ్యాంకులో సేవింగ్స్ ఖాతా తెరిచి, దానికి కార్డు గానీ ఫోన్ పేమెంట్ గానీ కలపకుండా ఉంచండి. రెండు నెలల ఖర్చు దాటాక పై మొత్తాన్ని ఎప్పుడంటే అప్పుడు తీసుకునే డిపాజిట్‌లో వేయొచ్చు. వడ్డీ ఎంత వస్తుందని చూడకండి, అవసరం పడితే వెంటనే చేతికి వస్తుందా అన్నదే చూడండి. ఇది కాక, ఇంట్లో మోటారు, కాయిల్ ఉన్న వస్తువులన్నీ, అంటే ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మిక్సీ, గీజర్, ఏవి ఎప్పుడు కొన్నారో ఒక కాగితం మీద రాయండి. అయిదేళ్ళు దాటినవి ఎన్ని ఉన్నాయో చూస్తే జీతాల వందలో ఒకటో రెండో నెలనెలా రిపేర్ల కింద పక్కన పెట్టాలని మీకే అనిపిస్తుంది.

ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మడానికి వస్తారు, ఆ డబ్బు కూడా ఈ ఖాతాలోనే వేసుకోండి. ఇంటి ఇన్సూరెన్స్ ఉంటే మంచిదే గానీ, వాడకంతో అరిగి పాడైన పార్టులకు అది సాధారణంగా వర్తించదు. ఆఫీసు ఇచ్చే హెల్త్ కవర్ కాకుండా సొంతది ఉందో లేదో రాయలేదు, లేకపోతే అదొకటి చూసుకోండి.

కొత్త థర్మోస్టాట్ బిగించే రోజు మీరు ఇంట్లో ఉండండి. పాత పార్ట్ మీకే ఇచ్చేయమనండి. డైరెక్ట్ వైరు తీసేశాడో లేదో మూత బిగించకముందే చూడండి. సెట్టింగ్ 60 దగ్గర పెట్టించండి. మరీ తక్కువ పెడితే నిల్వ నీళ్ళలో బ్యాక్టీరియా పెరుగుతుంది. అయితే 60 డిగ్రీల నీళ్ళు నేరుగా ఒంటి మీద పడితే అయిదు సెకన్లలో చర్మం కాలిపోతుంది. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే చన్నీళ్ళు కలిపాకే వాళ్ళకు ఇవ్వండి. చివరగా స్విచ్ వేయించి, టైమ్ చూసుకుని పక్కనే నిలబడండి. అరగంట లోపు టక్‌మని చప్పుడై లైటు దానంతటది ఆరిపోవాలి. అది ఆరాకే డబ్బులివ్వండి.