అమెరికా బడిలో మన పిల్లల తిండి: బరంపురం, పర్లాకిమిడి వైపు తల్లిదండ్రులకు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి పిల్లలతో అమెరికా వచ్చేవాళ్లు అద్దె ఇల్లు, కారు, బ్యాంకు ఖాతా గురించి ముందే పదిమందిని అడిగి వస్తారు. పిల్ల బడిలో ఏం తింటుందన్న ప్రశ్న మాత్రం బడికి పంపే ముందురోజు రాత్రి వస్తుంది. అప్పటికి చేతనయ్యేది డబ్బాలో పులిహోర కట్టడం ఒక్కటే. అందులో పల్లీలుంటాయి. అవి కొందరు పిల్లలకి పడవు కనుక, బడి నుంచి మొదటి ఫోను వచ్చేది దాని గురించే.

మన దగ్గర సర్కారు బడిలో అందరికీ ఒకటే వంట. పీఎం పోషణ్ (మధ్యాహ్న భోజన పథకం) లెక్కలో ప్రాథమిక తరగతుల పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు; మొత్తం 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీను. ఒడిశాలో దాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు), సోయాబడి కూర, కొన్ని రోజులు గుడ్డు. బంతిలో కూర్చుంటే వడ్డించేస్తారు. అమెరికాలో వడ్డన ఉండదు. పిల్లే ట్రే పట్టుకుని వరసలో నడుస్తూ ఏం కావాలో చెప్పాలి. 1946 నుంచి నడుస్తున్న జాతీయ పథకం ఇది. ఐదో తరగతి దాకా పిల్లల లంచ్ వారం సగటున 550 నుంచి 650 కేలరీలు ఉండాలి. కాగితం మీద మనకన్నా ఎక్కువే. అయితే శాకాహారి పిల్ల ఆ వరసలోంచి ఆపిల్, పాలు మాత్రమే పట్టుకుని బయటికొస్తే అందులో సగం కూడా కడుపులోకి వెళ్లదు.

లంచ్‌లో ఐదు భాగాలుంటాయి: పండు, కూరగాయ, ధాన్యం, ప్రొటీను, పాలు. చాలా బడుల్లో ఐదూ తీసుకోనక్కర్లేదు. మూడు తీసుకుంటే చాలు, వాటిలో ఒకటి అరకప్పు పండో కూరగాయో అయి తీరాలి. ఇది తెలియని పిల్ల పిజ్జా, పాలు తీసుకుని వచ్చేస్తుంది. అది భోజనం కింద లెక్కకు రాదు, విడివిడి ధరలు పడతాయి. తినకపోయినా సరే, పండు ట్రేలో పెట్టుకోమని చెప్పండి. పాలు వద్దంటే మానేయొచ్చు, తాగే నీళ్లు ఉచితంగా పెట్టి తీరాలి.

డబ్బు సంగతి. బడిని బట్టి చిన్న తరగతుల లంచ్ సుమారు 3 డాలర్లు. కాలిఫోర్నియా, మిన్నెసోటా, మిషిగన్, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ బడి పిల్లలందరికీ ఉచితం. టెక్సాస్, జార్జియాల్లో రాష్ట్రమంతటా అలా లేదు. అక్కడ బడి ఇచ్చే దరఖాస్తు నింపాలి. కుటుంబ ఆదాయం ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) పేదరిక రేఖకు 130 శాతం లోపుంటే ఉచితం, 185 శాతం లోపుంటే లంచ్‌కి 40 సెంట్లకు మించి తీసుకోకూడదు. 2025-26 విద్యా సంవత్సరానికి నలుగురున్న ఇంటికి ఆ రెండు హద్దులూ ఏడాదికి 41,795 డాలర్లు, 59,478 డాలర్లు. పన్ను కోతకు ముందు జీతం చూస్తారు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్లలో చాలామంది ఈ హద్దు దాటేస్తారు. అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పనికి ఇచ్చే కొద్దిపాటి జీతం) మీద పీహెచ్‌డీ చేస్తూ భార్యాపిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు తరచు లోపలే ఉంటారు. మొహమాటపడి మానేసేదీ వాళ్లే. బరంపురంలో ఉన్న అమ్మానాన్నలకి నెలనెలా డబ్బు పంపుతున్నా వాళ్లని కుటుంబ సంఖ్యలో కలపకూడదు. ఒకే ఇంట్లో ఉంటూ ఖర్చు పంచుకునేవాళ్లనే రాయాలి.

సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేదని ఆగొద్దు. సంతకం పెట్టే పెద్దవాళ్లకి నంబరుంటే చివరి నాలుగు అంకెలు, లేకపోతే లేదని గడిలో గుర్తు. వీసా ఏదని ఆ ఫారంలో అడగరు. పది పనిదినాల్లో జవాబివ్వాలి. ఈలోగా తిన్న భోజనాల బాకీ మాత్రం మీ ఖాతాలో పడుతుంది, అందుకని బడిలో చేర్చిన రోజే ఫారం పెట్టేయండి. పబ్లిక్ ఛార్జ్ భయం, అంటే సర్కారు సాయం మీద బతుకుతారని గ్రీన్‌కార్డు ఆపేస్తారేమోనన్న భయం, చాలామందికి ఉంటుంది. 2022 నాటి నిబంధనల్లో పోషకాహార పథకాలను ఆ లెక్కలోంచి తప్పించారు. ఇవి ప్రభుత్వంతో పాటు మారే విషయాలు కనుక, గ్రీన్‌కార్డు కాగితాలు పెట్టబోయేవాళ్లు లాయరుని ఒక మాట అడగాలి.

ఇక మాంసం. మతం కోసమో అలవాటు కోసమో వేరే వంట పెట్టాల్సిన బాధ్యత బడికి లేదు, పెడితే వాళ్ల మంచితనం. అందుకే ఆదివారం రాత్రి పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆ వారం మెనూ చదవండి, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు బడులు నడిపే సంస్థ) వెబ్‌సైట్‌లో ఉంటుంది. హాంబర్గర్, టాకో, స్లాపీ జో, మీట్‌బాల్ అంటే చాలాచోట్ల బీఫ్. చిల్లీ అని రాసి ఉంటే చిక్కుళ్లతో వండిన బీఫ్ కూర కావచ్చు. పెప్పరోని సాధారణంగా పంది మాంసం, బీఫ్ కలిపింది. రిఫ్రైడ్ బీన్స్‌లో ఒక్కోసారి పంది కొవ్వు, సూపులో చికెన్ నీళ్లు, మార్ష్‌మెల్లోల్లో, కొన్ని పెరుగు కప్పుల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటాయి. చీజ్ పిజ్జా, బీన్ బరిటో, గ్రిల్డ్ చీజ్, పెరుగు, ఉడికించిన గుడ్డు ఉన్న రోజులకి గుర్తు పెట్టుకోండి, మిగతా రోజులు డబ్బా. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడి పెరిగిన పిల్లకి వరసలో ఇంగ్లీషు ఒక్కసారిగా రాదు. "నో మీట్ ప్లీజ్", "ఈజ్ దేర్ బీఫ్ ఇన్ దిస్?" ఈ రెండు ముక్కలు వారం ముందు నుంచే వల్లె వేయించండి. టీచరుకి మీరు రాసే ఈమెయిల్ కన్నా ఇవే పనికొస్తాయి, ఎందుకంటే లంచ్ గదిలో టీచరు ఉండకపోవచ్చు.

అలర్జీ ఉంటే దారి వేరు. బడి ఇచ్చే వైద్య ఫారం మీద అక్కడి రాష్ట్రంలో లైసెన్సున్న వైద్య నిపుణులో, రిజిస్టర్డ్ డైటీషియనో సంతకం చేయాలి. బరంపురం డాక్టరు చీటీ ఆ సంతకానికి బదులు కాదు. అయినా తెచ్చుకోండి, కొత్త డాక్టరు పని తేలికవుతుంది.

డబ్బా కట్టడంలో తప్పులన్నీ మూడు కారణాలకు వస్తాయి: తినడానికి దొరికేది ఇరవై నిమిషాలు, మైక్రోవేవ్ పిల్లల చేతికి ఉండదు, మూత పిల్ల చేత్తో రాదు. వెడల్పు మూతి ఉన్న 300 మి.లీ. స్టీలు థర్మాస్ కొనండి. పొద్దున అందులో మరుగుతున్న నీళ్లు పోసి మూత పెట్టి పది నిమిషాలు ఉంచి, పారబోసి, వెంటనే పొగలు కక్కుతున్న అన్నం నింపండి. గోరువెచ్చగా పెడితే లంచ్ వేళకి 60 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగిపోతుంది. ఆ కింద రెండు గంటలకు మించి ఉన్న అన్నం మంచిది కాదు. అన్నం థర్మాస్‌లో కూడా నీళ్లు పీలుస్తూనే ఉంటుంది, కనుక దాల్మా అన్నమైనా సాంబారన్నమైనా ఇంట్లో తినేదానికన్నా జారుగా కలపాలి, లేకపోతే మధ్యాహ్నానికి ముద్ద గడ్డకడుతుంది. దాల్మా మంచి ఎంపిక: పప్పు, గుమ్మడికాయ, బొప్పాయి, అరటికాయ అన్నీ ఒక్క చెంచాలో వస్తాయి. వేడి తగ్గే కొద్దీ మూత లోపలికి లాగి బిగుసుకుంటుంది. ఇంట్లో రెండు మూడుసార్లు తీయించి చూడండి. అప్పటికీ రాకపోతే పక్కన నొక్కే బొత్తామున్న రకం కొనాలి.

పెరుగన్నం దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌తో చల్లగా పంపాలి. పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) మాత్రం సాయంత్రం ఇంట్లోనే. బడి సంచిలో అది చల్లగానూ ఉండదు, కారకుండానూ ఉండదు. చోడి అంబలి కూడా అంతే, పొద్దున తాగించి పంపండి. బరంపురం అప్పడాలు మెత్తబడిపోతాయి, ఎండుచేప శని, ఆదివారాలకు దాచండి.

పల్లీలతో బాటు నువ్వులూ చూసుకోవాలి. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వులు తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థం. నట్-ఫ్రీ (పల్లీలు, బాదం లాంటివి తేకూడదన్న) తరగతిలో పల్లీ చట్నీకి చోటు లేదు; నువ్వుండలు, నువ్వుల పొడి పంపే ముందు బడిని అడగండి. పుట్టినరోజుకి ఇంట్లో చేసిన అరిసెలు, బూరెలు పంపకండి. చాలా బడులు కొట్లో కొన్న, పదార్థాల లేబులున్న ప్యాకెట్టే తీసుకుంటాయి.

బడిలో టిఫిను ఉంటే దాన్ని వాడుకోండి. సీరియల్, పాలు, పండు ఉంటాయి కనుక శాకాహారులకి లంచ్ కన్నా సులువు, చాలా సీరియల్స్‌లో ఇనుము కలుపుతారు. ఇనుము మాట ఎత్తడానికో కారణముంది. ఒడిశా సర్కారు బడిలో వారానికొకసారి ఇచ్చే గులాబీ రంగు ఇనుము మాత్ర, ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నాటి నులిపురుగుల మందు ఇక్కడి బడుల్లో ఉండవు. మొదటిసారి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఇదివరకు ఇవి వాడామని చెప్పి రక్తపరీక్ష అడగండి. చల్లటి పాలు పడక కడుపునొప్పి వస్తే లాక్టోజ్ లేని పాలున్నాయేమో కనుక్కోండి. అవి కూడా పాల లెక్కలోకే వస్తాయి.

ఇంగ్లండ్ వెళ్లేవాళ్లకి లెక్క కొంచెం వేరు. ప్రభుత్వ బడుల్లో రిసెప్షన్ నుంచి ఇయర్ 2 దాకా (మొదటి మూడు తరగతులకి) 2014 నుంచి అందరికీ ఉచితం, లండన్‌లో 2023 నుంచి ప్రాథమిక తరగతులన్నిటికీ. ఆస్ట్రేలియాలో చాలా బడుల్లో వండిపెట్టే పద్ధతే లేదు, డబ్బా తప్పదు.

అమెరికాలో ఊరు మారితే పాత లంచ్ ఖాతాలో మిగిలిన డాలర్లు రాసి అడగండి, ఇస్తారు. ఫీజు తగ్గింపుకి కొత్త డిస్ట్రిక్ట్‌లో దరఖాస్తు మళ్లీ పెట్టాలి. అదే ఊళ్లో ఉన్నా ప్రతి ఏడాదీ పెట్టాల్సిందే: పాత అనుమతి కొత్త విద్యా సంవత్సరంలో మొదటి 30 పనిదినాల వరకే చెల్లుతుంది.