స్టాంపుల లెక్కకు రెండు గంటలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. 5 రూపాయల స్టాంపులు, 9 రూపాయల స్టాంపులు కావలసినన్ని ఉంటే, వాటితో సరిగ్గా రాని మొత్తాలు ఎన్ని అనే లెక్క పట్టుకుని రెండు గంటలు కూర్చుంది. ఆ టైమ్‌లో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) బిట్లు ఎన్నో చేసుకోవచ్చు కదా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ రోజు తను రాసిన నోట్‌బుక్ తెరిచి చూడండి. 1, 2, 3, 4 రావు. 5 వస్తుంది. ఇలా రాసుకుంటూ పోతే 31 దగ్గర చివరిసారి ఆగిపోతాం. 32 అంటే మూడు తొమ్మిదులు, ఒక ఐదు. 33, 34, 35, 36 కూడా వస్తాయి. వరుసగా ఐదు మొత్తాలు వచ్చాయంటే, ఒక్కో 5 రూపాయల స్టాంపు కలుపుకుంటూ ఆపైవన్నీ తెచ్చుకోవచ్చు.

ఇక అసలు అందం చూడండి. 0 నుంచి 31 వరకు సంఖ్యలను, కలిపితే 31 వచ్చేలా జతలు కట్టండి. 5 వస్తుంది, 26 రాదు. 9 వస్తుంది, 22 రాదు. ప్రతి జతలో ఒకటి వస్తుంది, ఒకటి రాదు. మొత్తం 32 సంఖ్యలు కాబట్టి రానివి 16. మీ అమ్మాయి ఈ జతల దాకా వెళ్లి ఉంటే, నాకు చాలా సంతోషం. వెళ్లకపోయినా, రెండు గంటలు వదలకుండా కూర్చుందే, అది కోచింగ్‌లో నేర్పితే వచ్చేది కాదు.

ఇలాంటి ఆలోచననే పరీక్షించే చోట్లున్నాయి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్, బీమ్యాథ్ కోర్సులు, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ కలిపిన బీఎస్సీ ఉన్నాయి. వాటి ఎంట్రన్స్‌లలో ఆప్షన్ పెడితే చాలదు, ఎందుకో రాసి నిరూపించాలి. మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. కంప్యూటర్ సైన్స్‌కు వెళ్లినా, ఇదే లెక్క నాణేల పేరుతో ప్రోగ్రామింగ్‌లో ఎదురవుతుంది.

ఎంసెట్ మానేయమనడం లేదు. వారంలో ఒక సాయంత్రం దీనికి వదిలేయండి. ఆ సంస్థల పాత ప్రశ్నపత్రాలు తీసుకుని, జవాబులను పూర్తి వాక్యాల్లో రాయమనండి. ఈ ఆదివారం మీరే ఒక లెక్క ఇవ్వండి: 4, 6 రూపాయల స్టాంపులైతే రాని మొత్తాలు ఎన్ని? ఈసారి లెక్క ఎప్పటికీ తెగదు. ఎందుకో తనే మీకు చెబుతుంది, వినండి.