మీరు వెతుకుతున్న ‘టూ మచ్ టూ యంగ్’ లైవ్‌ది

రెండు నిమిషాల్లో దూసుకుపోయే ‘టూ మచ్ టూ యంగ్’ పాట కోసం ఇంగ్లండ్ బ్యాండ్ స్పెషల్స్ తొలి ఆల్బమ్ కొంటే, ఆరు నిమిషాల నెమ్మది పాట వచ్చిందన్నారు. మీ కాపీలో లోపమేమీ లేదండీ. 1979 ఆల్బమ్‌లో ఉన్నది స్టూడియో రికార్డింగ్. మీరు విన్నది 1980 జనవరిలో టూ టోన్ రికార్డ్ లేబుల్ మీద ‘ది స్పెషల్ ఏ.కే.ఏ. లైవ్!’ పేరుతో వచ్చిన ఈపీలోది (ఈపీ అంటే కొన్ని పాటలే ఉండే చిన్న రికార్డు). ఆ పేరుతో వెతకండి. అది బ్రిటన్ చార్టులో నంబర్ వన్ కూడా అయింది.

ఆ ఈపీ మొదటి వైపు పాటలు లండన్ లైసియం హాల్లో రికార్డయ్యాయి. జమైకా డాన్స్ సంగీతమైన స్కా తాళం పంక్ రాక్ వేగంతో పరుగెడుతుంది. నాకైతే స్టూడియో పాట కంటే ఇదే ఎంతో ఇష్టం. రెండో వైపు మాత్రం వదలకండి: వాళ్ల సొంత ఊరు కోవెంట్రీలోని టిఫనీస్‌లో వాయించిన పాత జమైకా రెగే పాటల మెడ్లీ (పాటల్ని కలిపి ఒకే వరుసగా వాయించడం) అది. ఆ హాలు తర్వాత నగర గ్రంథాలయమైంది.