ముందు వడ్రంగిని పిలవండి

ప్రశ్న: ఎనిమిది నెలల కిందట పాలకొల్లులో చిన్న క్లినిక్ పెట్టాను. ఒక కన్సల్టింగ్ గది, ముందు వరండా, ఒక నర్సు, ఒక కాంపౌండరు. కోవిడ్ నాటికి నేనింకా హౌస్ సర్జన్ని. మళ్ళీ అలాంటిది వస్తే టెన్షన్ పడకూడదని ఫాగింగ్ మెషీన్, యూవీ లైటు, ఫేస్ షీల్డులు కొందామనుకుంటున్నాను. నలభై వేల దాకా అవుతుందట. కొనమంటారా మేడమ్?
– ఓ యువ డాక్టరు

జవాబు: వద్దు. ముందు వడ్రంగిని పిలవండి.

నవ్వకండి, నేను నా క్లినిక్‌లో చేసిన తప్పే చెబుతున్నాను. స్ప్లిట్ ఏసీ పెట్టించినప్పుడు చల్లదనం పోతుందని కిటికీ రెక్కలకు మేకులు కొట్టించేశాను. ఆ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. పదింటికి దగ్గి వెళ్ళినాయన వదిలిన గాలినే పదకొండింటికి వచ్చిన బాలింత పీల్చింది, రోజంతా నేనూ పీల్చాను. గంటకు రెండుసార్లే గాలి మారే గదిలో, దగ్గినప్పుడు గాల్లో తేలే సన్నటి తుంపరల్లో 99 శాతం బయటికి పోవడానికి 138 నిమిషాలు పడుతుంది. పన్నెండుసార్లు మారితే 23 నిమిషాలు చాలు. 2020 ఏప్రిల్లో మేకులు పీకించాను. పేషెంటు కూర్చునే వైపు గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి, నా కుర్చీని కిటికీకి వీపు పెట్టేలా తిప్పుకున్నాను.

మీరూ ఒక అగరుబత్తి వెలిగించి మీ కుర్చీ దగ్గర పట్టుకుని చూడండి. పొగ పేషెంటు వైపు సాగి బయటికి పోవాలి. మీ మొహం మీదికి వస్తోందంటే కుర్చీ మార్చాలి.

ఫాగింగ్ మెషీన్ సంగతి. అప్పట్లో మనుషుల మీద కూడా మందు కొట్టేవాళ్ళు, ఆ పని చేయొద్దని కేంద్ర ఆరోగ్యశాఖే 2020 ఏప్రిల్లో చెప్పాల్సి వచ్చింది. నేలకూ బల్లలకూ గుడ్డతో తుడవడమే మేలు. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు లీటరు నీళ్ళకు 33 గ్రాములు కలిపితే ఒక శాతం ద్రావణం వస్తుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి. బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం పొరపాటున కూడా కలవనీయొద్దు, విషవాయువు వస్తుంది.

థర్మల్ గన్‌ను నమ్ముకోకండి. మనవాళ్ళు ఇంట్లోనే ఓ డోలో వేసుకుని మరీ బయలుదేరతారు. అందుకే నర్సును వరండాలోనే కూర్చోబెట్టి, "దగ్గుందా? ఇంట్లో ఇంకెవరికైనా జ్వరమా?" అని అడిగించండి. ఉందన్నవాళ్ళకు మాస్కు ఇచ్చి, వరండాలోనే విడిగా కుర్చీ వేయించి, అక్కడే చూడండి. ఆయాసంతో వచ్చినవాళ్ళకు మందును సన్నటి తుంపరగా చేసి పీల్పించే నెబ్యులైజర్ లోపల పెట్టకండి. చాలామందికి పఫ్ ఇన్‌హేలరు, దానికి తగిలించే గొట్టం (స్పేసరు) సరిపోతాయి.

ఎన్95లు ఒక పెట్టె తెచ్చిపెట్టుకోండి. మీకు గడ్డం ఉంటే మాత్రం అవి దండగ, మాస్కు మొహానికి అతుక్కోదు, పక్కలనుంచి గాలి దూరుతుంది. ఫేస్ షీల్డు కంట్లో తుంపర పడకుండా ఆపుతుంది, అంతే. దాన్ని పెట్టుకుని మాస్కు తీసేసిన వాళ్ళనూ చూశాను.

ఇంత జాగ్రత్తపడ్డా మా క్లినిక్‌లో ముగ్గురికి ఒకే వారంలో కోవిడ్ వచ్చింది. పేషెంట్లనుంచి అనుకున్నాం. ఆరా తీస్తే, మధ్యాహ్నం మందుల గదిలో తలుపేసుకుని, మాస్కులు తీసి, ఆవకాయ పంచుకుంటూ నలుగురం కలిసి తినేవాళ్ళం! కాంపౌండరుకు ముందురోజే గొంతునొప్పి ఉంది. జీతం కోస్తానేమోనని చెప్పలేదు. ఆ తర్వాత భోజనాలు మేడమీదికి మారాయి, జ్వరమొస్తే జీతం కోయనని అందరి ముందూ చెప్పాను. మీ నలభై వేలలో కొంత దానికి అట్టేపెట్టండి.

పాలకొల్లులో కిటికీ తెరిస్తే దోమలు అంటారేమో. వడ్రంగి ఎలాగూ వస్తాడుగా, మెష్ కొట్టించండి. నెలకోసారి దులపాలి సుమా, దుమ్ముపట్టిన మెష్ ఉంటే కిటికీ సగం మూసినట్టే.